నానమ్మ పెట్టెలో ధావళి, పట్టుచీర, శాలువా: ఏది అసలు, ఏది నకిలీ?

బ్రాడీపేట కుర్రాడు (ఆదివారం, ఉదయం 10:20)

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. నానమ్మ సంవత్సరీకం అయ్యాక మొన్న ఆవిడ ట్రంకుపెట్టె తీశాం. నేత చీరలు నాలుగైదు పక్కన పెడితే మిగిలినవి మూడు. ఒకటి ఎర్ర ధావళి, వంటకి, పూజకి మడి కట్టుకునేది. జల్లెడ అయిపోయింది. అమ్మ దాన్ని స్కూటర్ తుడుచుకోమని నాకిచ్చేసింది. రెండోది నానమ్మ పెళ్ళి పట్టుచీర. మడతల దగ్గర చిరుగుతోంది, జరీ నల్లబడింది. మూడోది శాలువా. తాతయ్య ఉద్యోగంలో ఉండగా కాశ్మీర్ వెళ్ళి తెచ్చారట. ఉంగరంలోంచి దూరిపోతుందని మా ఇంట్లో మూడు తరాలుగా చెప్పుకుంటున్న గొప్ప అది. బాబాయి దాని ఫోటో తీసుకుని అప్పుడే ఎవరికో చూపించాడు, లక్షల్లో పలుకుతుందంటున్నాడు.

నా సందేహం ఒకటే. అదే పెట్టెలో ఉన్న నూలు చీరలకి ఒక్క చిల్లు లేదు. ధావళికే ఎందుకు పడ్డాయి?

లాలాపేట (10:41)

ఏడాదంతా పెట్టె తీయకపోతే పడవా తమ్ముడూ. శాలువా అమ్మితే మాకు బిర్యానీ.

కెమిస్ట్రీ మాస్టారు (11:05)

బాబూ, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. నూలు చెట్టుది, ధావళి గొర్రెది. ఊలు అంటే కెరాటిన్ అనే ప్రోటీన్. మన జుట్టు, గోళ్ళు, గేదె కొమ్ము కూడా అదే. దాన్ని అరిగించుకోగల జీవులు బహు తక్కువ. ఊలు బట్టలు కొట్టే చిమ్మెట పిల్ల పురుగు వాటిలో ఒకటి. పెట్టె తెరవగానే ఎగిరే గోధుమరంగు రెక్కల పురుగు ఉంటుందే, అది తినదు. ఎదిగాక దానికి తిండే లేదు. తినేదంతా చీకట్లో, మడతల్లో దాక్కునే పిల్ల పురుగే. చెమట, నూనె, అన్నం మరకలు ఉన్నచోట ఇంకా ఇష్టంగా తింటుంది. వంటింటి ధావళికి ఆ మూడూ ఉంటాయి కదా.

కాబట్టి మీ ధావళి అసలు ఊలేనని పురుగే సర్టిఫికెట్ ఇచ్చింది. స్కూటర్ తుడవకండి.

ఇంకొక్క మాట. శాలువా పెట్టెలో ఎక్కడుంది? దానికి చిల్లులున్నాయా?

బ్రాడీపేట కుర్రాడు (11:12)

ధావళి మీదే ఉంది మాస్టారూ, ఆనుకుని. ఒక్క చిల్లు కూడా లేదు. దేవుడి దయ.

కెమిస్ట్రీ మాస్టారు (11:14)

ఊఁ. చూద్దాం.

కుంకుడుకాయ (11:50)

నాన్నా, ముందు ఆ ధావళిని వేరే బట్టల్లో కలపకు. పాలిథిన్ సంచిలో గాలి పోకుండా కట్టి ఫ్రీజర్‌లో వారం ఉంచు. పురుగు, గుడ్లు రెండూ పోతాయి. తర్వాత తీసి మెత్తటి బ్రష్‌తో దులిపి కాసేపు ఎండలో వెయ్యి. పెట్టెను కూడా మూలలతో సహా తుడిచి ఎండబెట్టు.

కలరా ఉండలు వేస్తే జరీకి, పట్టుకి తగలకుండా గుడ్డలో మూటకట్టి వెయ్యాలి. చంటిపిల్లలకి మాత్రం ఆ పెట్టెలోంచి తీసిన బట్టలు అలాగే చుట్టకండి. జీ6పీడీ అనే లోపం ఉన్న పిల్లలకి ఆ వాసనతోనే రక్తకణాలు విరిగి కామెర్లు వస్తాయి. మా చెల్లెలి మనవడి విషయంలో ఆస్పత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న అదే, కలరా ఉండలు వాడుతున్నారా అని. నేను అప్పటినుంచి ఎండు వేపాకు, లవంగాల మూటతోనే సరిపెడుతున్నాను. వాటితో పురుగు చావదు, రాకుండా కొంత ఆపుతుంది, అంతే. నెలకోసారి బట్టలు తీసి దులిపేవాళ్ళింట్లో ఏ ఉండా అక్కర్లేదు.

వస్త్రలత సేల్స్ (మధ్యాహ్నం 1:30)

విజయవాడలో బట్టల కొట్టులో 22 ఏళ్ళుగా చేస్తున్నా. పట్టుచీర గురించి నేను చెబుతా. ముందుగా, వీధుల్లో 'పాత పట్టుచీరలు కొంటాం' అంటూ తిరిగేవాళ్ళకి ఇవ్వకండి. వాళ్ళకి చీరతో పని లేదు, జరీలో వెండితో పని. చీరను కాల్చేసి వెండి తీసుకుంటారు. మీ జరీ నల్లబడిందంటే అది లోహమే, వెండి అయి ఉండొచ్చు. అసలు జరీ అంటే పట్టుదారం మీద వెండి తీగ చుట్టి, దానికి బంగారు పూత పూసేది. తరవాత రాగి తీగది వచ్చింది, దాన్ని మేము టెస్టెడ్ జరీ అంటాం. ఇప్పుడు కొట్లలో మెరిసేది చాలావరకు ప్లాస్టిక్ పొర. అది నల్లబడదు, కస్టమర్లు అదే మంచిదనుకుంటారు!

ఏది అసలో తేల్చడానికి అందరూ కొంగు చివర ఒక పోగు కాల్చి చూస్తారు. చాలామంది మోసపోయేది అక్కడే. పడుగు వేరే, పేక వేరే కాల్చాలి. కుచ్చుల్లో వేలాడేది పడుగు పోగు. అది పట్టు పెట్టి, అడ్డంగా వెళ్ళే పేకలో పాలిస్టర్ దూర్చిన చీరలు నా చేతుల మీదుగా ఎన్నో పోయాయి. మాకు తెలుసు, మీకు తెలీదు. నేను చేసినచోట ఒక కొట్టులో బోర్డు మీద 'ప్యూర్ పట్టు' అని, బిల్లులో మాత్రం 'ఫ్యాన్సీ శారీ' అని రాసేవాళ్ళు. బిల్లు మీద ఏం రాశారో చూసుకోండి. ఆర్ట్ సిల్క్, సెమీ సిల్క్, సాఫ్ట్ సిల్క్ అన్న పేర్లు వింటే తొందరపడకండి. ఆర్ట్ సిల్క్‌లో ఆర్ట్ అంటే కళ కాదండీ, ఆర్టిఫిషియల్.

లాలాపేట (1:44)

మా ఆవిడ దగ్గర ఉన్నదంతా కళే అన్నమాట.

కెమిస్ట్రీ మాస్టారు (2:10)

వస్త్రలత గారు చెప్పింది అక్షరాలా నిజం. కాల్చే పద్ధతి వివరంగా రాస్తాను. స్టీలు పళ్ళెం మీద, పక్కన నీళ్ళు పెట్టుకుని, పట్టకారుతో ఒక్కొక్క పోగు మంటకి చూపించండి. పట్టు గానీ ఊలు గానీ అయితే ముడుచుకుంటూ నెమ్మదిగా కాలి, మంట పక్కకి తీయగానే దానంతటదే ఆరిపోతుంది. వాసన అచ్చం జుట్టు కాలిన వాసన. మిగిలిన నల్లటి ఉండని వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి, నల్ల పొగతో, గట్టి పూసలా మిగులుతుంది, నలగదు. నూలు, విస్కోస్ గబగబా మండి, కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద అవుతాయి.

ఇంకో పరీక్ష ఉంది, వాసన పట్టలేనివాళ్ళకి. గాజుగ్లాసులో బట్టల బ్లీచ్ ద్రవం పోసి పోగు వేయండి. పట్టు, ఊలు కాసేపట్లో కరిగి మాయమైపోతాయి. నూలు, పాలిస్టర్ అలాగే ఉంటాయి. మా కాలేజీలో పిల్లలకి ఇది చూపించిన రోజు ఒకమ్మాయి ఏడ్చినంత పని చేసింది, ముందురోజే వాళ్ళమ్మ పట్టుచీర మీద మరకకి బ్లీచ్ వేసిందట.

జంతువుల నుంచి వచ్చిన ఏ పోగైనా మీ జుట్టుకి చుట్టమే అనుకోండి. జుట్టుకి పట్టించకూడనిది దానికీ పట్టించకూడదు. బట్టల సోడా, బార్ సబ్బు, బ్లీచ్ మూడూ శత్రువులే. అంతకంటే గుట్టుగా చంపేది మరకలు తినేస్తుందని ప్రకటనల్లో చూపించే ఎంజైమ్ పౌడరు. రక్తం, గుడ్డు లాంటి ప్రోటీన్ మరకల్ని కోసే ఎంజైములు అందులో ఉంటాయి. పట్టు కూడా ప్రోటీనే కదా, వాటికి మరకేదో చీరేదో తెలీదు.

కుంకుడుకాయ (2:31)

ఈ పేరు పెట్టుకున్నందుకు ఇన్నాళ్ళకి మాస్టారు నన్ను గెలిపించారు. మా అత్తగారు పట్టుచీరలు కుంకుడు రసంలోనే జాడించేవారు, నీడన ఆరేసేవారు. మా అల్లుడు మాత్రం చలి దేశం నుంచి తెచ్చుకున్న స్వెటర్‌ని మా వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్ళలో వేశాడు. బయటికి తీస్తే మా మూడేళ్ళ మనవరాలికి సరిగ్గా సరిపోయింది. పైగా అట్టలా బిగిసిపోయింది. ఎందుకలా అవుతుంది మాస్టారూ?

కెమిస్ట్రీ మాస్టారు (2:48)

ఊలు పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయమ్మా. వేడి, నీళ్ళు, కుదుపు మూడూ కలిస్తే ఒకదాని పొలుసులు ఇంకోదాని పొలుసుల్లో చిక్కుకుని ఇక విడిపోవు. నమదా అనే ఊలు తివాచీ, ఫెల్టు టోపీ తయారయ్యేది అలాగే. మీ అల్లుడు తెలియకుండా ఒక కుటీర పరిశ్రమ పెట్టాడు.

పటమట శ్రీను (3:20)

మాస్టారూ ఒక అనుమానం. మీరు సోడా శత్రువు అంటున్నారు. కానీ నేసే ముందు పట్టుని సబ్బు, సోడా నీళ్ళలోనే ఉడకబెడతారు కదా? మా తాత ధర్మవరంలో రంగులు అద్దేవాడు, చిన్నప్పుడు చూశాను.

కెమిస్ట్రీ మాస్టారు (3:55)

మంచి ప్రశ్న. పురుగు అల్లే దారం నిజానికి రెండు సన్నటి పోగులు, వాటిని అంటించే బంక. పోగు పేరు ఫైబ్రోయిన్, బంక పేరు సెరిసిన్. పచ్చి పట్టు గరుగ్గా ఉండేది బంక వల్లే. అది వదిలితేనే మెరుపు, మెత్తదనం, రంగు పట్టే గుణం వస్తాయి. ఆ బంక క్షారంలో ఇట్టే కరుగుతుంది, పోగు అంత తేలిగ్గా కరగదు. ఆ తేడానే వాడుకుంటాడు రంగుల మనిషి. ఎంత సోడా, ఎంతసేపు అన్న లెక్క మీ తాతగారి చేతుల్లో ఉండేది. ఒక్క పావుగంట ఎక్కువైతే పోగు కూడా దెబ్బతింటుంది. ఉడికాక బరువులో సుమారు పావు వంతు పోతుంది.

ఆ పోయిన బరువు కోసమే ఒకప్పుడు యూరప్‌లో తగరపు లవణాలు ఎక్కించి పట్టు బరువు పెంచేవారు. ఆ బట్టలు పెట్టెలో మడతపెట్టి ఉండగానే ముక్కలైపోతాయి.

హిందూపురం కోడలు (సాయంత్రం 6:10)

ఆలస్యంగా చూశాను. మాది హిందూపురం వైపు, పెళ్ళయి విజయవాడ వచ్చాను. పుట్టింట్లో ఇప్పటికీ రెండెకరాల మల్బరీ, పురుగుల షెడ్డు ఉన్నాయి. ఇక్కడివాళ్ళు 'పట్టు పురుగు' అంటే ముఖం అదోలా పెడతారు. కానీ అంత సుకుమారమైన జీవి ఇంకోటి లేదు. షెడ్డులోకి పౌడరు, సెంటు పూసుకుని వెళ్ళనివ్వదు మా అమ్మ. పక్క చేలో పురుగుమందు కొట్టారంటే ఆ గాలికే ఇల్లంతా టెన్షన్. ఎండాకాలంలో తడి గోనెలు కడతాం, పాతిక డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి దానికి. బెజవాడ మే నెల ఎండలో ఒక్క పూట బతకదు.

గుడ్డు పిగిలిన దగ్గర్నుంచి పాతిక రోజుల్లోపే నాలుగు సార్లు నిద్రపోతుంది, అంటే తోలు మారుస్తుంది. నాలుగో నిద్ర లేచాక ఆకు వేస్తే షెడ్డులో చినుకులు పడుతున్న చప్పుడు వస్తుంది. నేను ఆ చప్పుడుకే నిద్రపోయేదాన్ని. తర్వాత చంద్రికల మీదికి, అంటే గూడు అల్లుకునే చట్రాల మీదికి ఎక్కిస్తే రెండు మూడు రోజుల్లో గూడు అల్లేస్తుంది. ఒక గూడులో సుమారు వెయ్యి మీటర్ల దారం, తెగకుండా ఒకటే పోగు.

మీకు లెక్క చెబుతాను. కిలో ముడిపట్టుకి ఆరేడు కిలోల పచ్చి గూళ్ళు కావాలి. ఒక్కో గూడు రెండు గ్రాములకి కాస్త తక్కువ. అరకిలో పట్టు పట్టే చీర అంటే రెండు వేల గూళ్ళ మాట. రెండు వేలకి 'ప్యూర్ పట్టు' అని ఎవరైనా అమ్మితే గూడు రూపాయి అనుకోవాలి. దారం తీసినవాడికి, రంగు వేసినవాడికి, నేసినవాడికి ఇంకేం మిగిలినట్టు?

జీవకారుణ్యం (6:33)

రెండు వేల గూళ్ళంటే రెండు వేల ప్రాణాలు. వాటిని బతికుండగానే ఆవిరిలో ఉడికిస్తారన్న మాట ఎవరూ రాయలేదేం? ఆ చీర కట్టుకుని పూజలు!

హిందూపురం కోడలు (6:52)

రాయకపోవడం నా తప్పేనండి. నిజమే, ఆవిరి లేదా వేడి గాలి పెడతారు. పట్టుచిలుక, అంటే రెక్కలొచ్చిన పట్టు పురుగు, గూడు చీల్చుకుని బయటికొస్తే దారం తెగుతుంది, చుట్టడానికి పనికిరాదు. అయినా ఈ పురుగు బయటికొచ్చినా ఎగరలేదు. వేల ఏళ్ళుగా మనిషి పెంపకంలోనే ఉండి ఎగరడం మర్చిపోయింది. గుడ్లు పెట్టి కొద్ది రోజుల్లో పోతుంది. నేను సమర్థించట్లేదు, చూసింది చెబుతున్నా.

హైదరాబాద్‌కి చెందిన కుసుమ రాజయ్య గారు చేసిన అహింసా పట్టు ఉంది. చిలుక వెళ్ళిపోయాకే గూళ్ళు తీసుకుని, దూదిలా వడికి నేస్తారు. మెరుపు కాస్త తక్కువ, స్పర్శ బాగుంటుంది. ఆముదం ఆకు తినే ఎరి పురుగు గూడైతే ఒక వైపు తెరిచే ఉంటుంది, చిలుక దానంతటదే వెళ్ళిపోతుంది. అదీ వడకాల్సిందే. అయితే అస్సాంలో గూట్లో ఉండే ఆ ప్యూపాని (ఇంకా రెక్కలు రాని పురుగుని) కూర వండుకుంటారు, కాబట్టి ఎరి అన్నంత మాత్రాన అహింస అని రాసిపెట్టుకోకండి.

జీవకారుణ్యం (7:05)

ఆ చివరి మాట చెప్పకపోతే బాగుండేది. కానీ థాంక్స్.

లాలాపేట (7:11)

గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టుంది మన చర్చ. అవునూ, మన వైపు ఇన్ని గొర్రెలున్నాయి కదా, ఊలు ఎందుకు రాదు? గొంగళ్ళన్నీ తెలంగాణ వైపువే చూశాను.

కెమిస్ట్రీ మాస్టారు (7:40)

మన వైపు మేసేవి ఎక్కువగా నెల్లూరు గొర్రెలు. వాటికి ఊలు ఉండదు, మేకలా పొట్టి వెంట్రుకే. కాళ్ళు పొడుగు, చెవులు వేలాడుతూ, దూరం నుంచి చూస్తే మేకనే అనుకుంటారు. మాంసానికే పెంచుతారు. గొంగడికి కావాల్సింది దక్కనీ నల్ల గొర్రె, అది మెట్ట ప్రాంతాలది. దాని ఊలు ముతక, ఒంటికి గుచ్చుకుంటుంది గానీ వానకి, చలికి కాపరికి అదే ఇల్లు.

బందరు రోడ్డు రన్నర్ (రాత్రి 9:02)

నేను చెబితే నవ్వుతారు, మెరినో ఊలు సాక్స్ వేసుకుని పొద్దున్నే పరిగెడతాను, ఈ బ్లేజ్‌వాడలోనే. నూలు సాక్స్ చెమటకి తడిసి పొక్కులొచ్చేవి. ఊలు తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు. వాసన కూడా తక్కువ. ధర మాత్రం చెప్పను, మా ఆవిడ ఈ ఫోరం చదువుతుంది.

డిసెంబర్‌లో రోడ్డు పక్కన గుట్టలుగా పోసే స్వెటర్లు కాల్చి చూశాను, అన్నీ అక్రిలికే. కాష్మిలాన్ అనే పేరు చూసి మేక ఊలేమో అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ!

బ్రాడీపేట కుర్రాడు (9:30)

ఇక్కడ ఒక సమస్య వచ్చింది. బాబాయి ఫోటో చూపించినాయన 'ఇది షాతూష్ అయి ఉంటుంది, గుట్టుగా అమ్ముకోండి' అన్నాడట. గుట్టుగా ఎందుకు?

కెమిస్ట్రీ మాస్టారు (9:48)

అమ్మవద్దు! ముందు బాబాయికి ఫోన్ చెయ్యండి. షాతూష్ అంటే టిబెట్ జింక ఒంటి మీద పై వెంట్రుకల కింద ఉండే మెత్తటి ఊలు. ఆ జింకని చిరు అంటారు. పష్మీనా మేకని వసంతంలో దువ్వితే ఊలు వస్తుంది, మేక బతికే ఉంటుంది. చిరు అడవి జంతువు. చంపితేనే ఊలు. ఒక్క శాలువాకి మూడు నుంచి అయిదు జింకలు. 1979 నుంచి అంతర్జాతీయంగా దాని వ్యాపారం నిషేధం, మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ఉంది. అమ్మబోతే కేసు అవుతుంది.

అయితే నాకు అంత దూరం వెళ్ళాల్సిన పని లేదనిపిస్తోంది. ఉంగరంలోంచి దూరడం ఏ సన్నటి బట్టయినా చేస్తుంది. మంచి పష్మీనా పోగు మందం 12 నుంచి 16 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మన వెంట్రుక 70 దాకా ఉంటుంది. కంటితో తేలదు. అంచు నుంచి రెండు పోగులు తీసి కాల్చండి. చిమ్మెట పురుగులు పక్కనే ఉన్న ముతక ధావళిని అంతగా తిని, అంత మెత్తటి ఊలుని వదిలేస్తాయా? పొద్దుట్నుంచి నాకదే అనుమానం.

బ్రాడీపేట కుర్రాడు (సోమవారం, ఉదయం 8:15)

రాత్రి అందరం వంటింట్లో చేరి కాల్చాం. బాబాయి కూడా వచ్చాడు.

పట్టుచీర: పడుగు, పేక రెండూ జుట్టు వాసన, నలిపితే పొడి. జరీ విప్పితే లోపల ఎర్ర పట్టుదారం.

ధావళి: జుట్టు వాసన ఇల్లంతా. బాబాయి తలుపులు తీశాడు.

శాలువా: భగ్గున మండింది. పాత పేపరు కాలిన వాసన. నమ్మక రెండోసారి, మూడోసారి కాల్చాం. బ్లీచ్‌లో వేసిన పోగు ఇప్పటికీ గ్లాసులో అలాగే ఉంది.

కెమిస్ట్రీ మాస్టారు (8:22)

విస్కోస్. చెక్క గుజ్జు నుంచి తీసే దారం. పురుగు నాకంటే ముందే కనిపెట్టింది. తాతగారిని ఏమీ అనకండి, నమ్మి కొన్నారు పాపం.

వస్త్రలత సేల్స్ (8:40)

చీర మాట. మడతల దగ్గర చిరుగుతోంది కదా, ఇక ఇస్త్రీ పెట్టకండి, హ్యాంగర్‌కి వేలాడదీయకండి. పాత నూలు పంచెలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చండి. ప్లాస్టిక్ కవర్ వద్దు. ఎవరైనా పెళ్ళికి అరువడిగితే ఇవ్వకండి. పట్టుచీర అరువిచ్చి పీట పట్టుకుని వెంట తిరిగినట్టవుతుంది. మళ్ళీ కొత్త చీర కొనేటప్పుడు సిల్క్ మార్క్ లేబుల్ చూసుకోండి. కేంద్ర పట్టు మండలి 2004లో మొదలుపెట్టింది. లేబుల్ ఉన్న చీర పేకలో కూడా ఒక పోగు కాల్చి చూస్తే తప్పేమీ లేదు. ఈ మాట మా యజమాని చదవకూడదు.

లాలాపేట (9:05)

బిర్యానీ సంగతి?

బ్రాడీపేట కుర్రాడు (9:30)

బాబాయిని అడగండి, ఆయన ఇంకా మాట్లాడట్లేదు. శాలువా ఆయనే తీసుకుంటానన్నాడు, తాతయ్య కప్పుకున్నదని.

ధావళి ఇప్పుడు మా ఫ్రీజర్‌లో ఉంది, కుంకుడుకాయ గారూ. స్కూటర్ తుడుచుకోమన్న అమ్మే ఇప్పుడు నన్ను దాన్ని ముట్టుకోనివ్వడం లేదు. రఫూ చేసేవాళ్ళ గురించి వాకబు చేస్తోంది. అదే ఫ్రిజ్ కింది అరలో కోడిగుడ్లు ఉన్నాయని రాత్రి పదకొండింటికి గుర్తొచ్చింది ఆవిడకి. అన్నీ తీసి పక్కింట్లో పెట్టి వచ్చి పడుకుంది.